నలభై యూనిట్లకు తగ్గరాదు

వంగల పుండరీకాక్షరావు రాసిన వాక్యం చదవాలంటే మధ్యలో ఒకచోట ఆగి మంచినీళ్ళు తాగాలి. ప్రాంతీయ తూకముద్రల మండలిలో సూపరింటెండెంటు ఆయన. మండలి పని చిన్నదే. జిల్లాలో ఉన్న కాటాలన్నీ, కిరాణా కొట్టు తక్కెడ దగ్గర్నుంచి బియ్యం మిల్లు వేబ్రిడ్జి దాకా, ఏడాదికోసారి పరీక్ష చేసి ముద్ర కొట్టడం, తక్కువ తూచినవాడి మీద కేసు రాయడం. పని చిన్నదైనా కాగితం పెద్దది. ఆ కాగితమంతా ముప్పై ఒక్కేళ్ళుగా పుండరీకం గారి చేతిమీదుగానే పోతోంది. ఆయన రాసిన నోటీసుకి జవాబివ్వలేక ఓ వ్యాపారి కొట్టు మూసి కాశీకి పోయాడని ఆఫీసులో చెప్పుకుంటారు. ఆయన కాదనడు. ఆ వ్యాపారి వెళ్ళింది కూతురి పురిటికని ఆయనకి తెలుసు, కానీ మంచి కథని చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాడు.

మనిషి నూట పన్నెండు కిలోలు. తొమ్మిదేళ్ళుగా చక్కెర వ్యాధి. పొద్దున్నే టిఫినుకు ముందు నలభై యూనిట్ల ఇన్సులిన్ పొట్టకి పొడుచుకుంటే తప్ప రోజు మొదలవ్వదు. ఆ సూది పొడుచుకుని, అది లోపలికి వెళ్ళి పని చేసుకుంటుందన్న ధైర్యంతో ఆరు ఇడ్లీలు, రెండు గారెలు లాగించేవాడు. సూదికి పని కల్పించకపోతే బావుండదనేది ఆయన వాదన.

అలాంటి మనిషి నెత్తిన పై ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చి పడింది. 'తేలిక శరీరం, తేలిక పాలన' అని దానికి పేరు. ఎవరో పెద్దాయన ఏదో సదస్సులో పలచటి మనుషులు ఫైళ్ళు త్వరగా కదుపుతారని విన్నాట్ట. ఇంకేం, లావుగా ఉన్న ప్రతి ఉద్యోగీ ఆర్నెల్లు మితాహారం తినాలి, అమలు నియమావళి ఏ ఆఫీసుకా ఆఫీసు తయారు చేసుకోవాలి అని హుకుం.

నియంత్రణాధికారి బెహరా ధర్మారావు పుండరీకాన్ని పిలిపించాడు. వెదురుబద్దలాంటి మనిషి, ఎంత తిన్నా ఒళ్ళు చేయని అదృష్టవంతుడు. కాఫీ కావాలన్నా 'కాఫీ సరఫరా నిమిత్తం తగు చర్య తీసుకోండి' అంటాడు.

"పుండరీకం గారూ, ఈ మహత్తర సంకల్పాన్ని మనం చిత్తశుద్ధితో, కాలబద్ధంగా, ఇతోధికంగా అమలుపరచవలసి ఉంది. మన శాఖ ప్రత్యేకత ఇందులో ప్రతిఫలించాలి. మనం తూకం మనుషులం."

"ప్రతిఫలింపజేస్తాను సార్," అన్నాడు పుండరీకం. ఆ క్షణంలో తను కూడా లావుగా ఉన్నవాళ్ళలో ఒకడనే సంగతి ఆయనకి గుర్తే లేదు. కలం చేతిలో ఉంటే ఆయనకి ఒళ్ళు తెలియదు.

రెండు రోజుల్లో పద్నాలుగు నియమాలు తయారయ్యాయి. అన్నిట్లోకీ ఆయన మురిసిపోయింది తొమ్మిదోది. సాయంత్రం ఇంటికొచ్చి పెళ్ళాం మాణిక్యాన్ని కూచోబెట్టి మరీ చదివి వినిపించాడు.

"'ఉద్యోగి యొక్క బరువు ఒకసారి ధ్రువీకరింపబడి ముద్రింపబడిన పిమ్మట సదరు బరువు ఏడాది కాలము చెల్లుబాటు కాగలదు. సదరు ఉద్యోగి వాడు ఔషధము ఏదేని ఉన్నయెడల దాని మోతాదు సదరు బరువునకు అనుగుణముగా నిర్ణయింపబడినదిగా భావింపబడి, అధికారి సమక్షమున కార్యాలయములోనే తీసుకొనబడవలెను. నిర్ణీత మోతాదుకు తక్కువగా తీసుకొనుట తక్కువ తూకముతో సమానమైన నేరముగా పరిగణింపబడును.' ఎలా ఉంది?"

మాణిక్యం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. "మందు కూడా బెల్లంలా తూచి పెట్టేదేనా అండీ? ఒంటిని బట్టి కదా ఇస్తారు?"

"అదే కదే రాసింది! ఒళ్ళంటే బరువేగా!"

"ఏమో, నాకు మాత్రం మనిషిని రాసినట్టు లేదు, బియ్యం బస్తాని రాసినట్టుంది."

అదే దాని అందం అన్నాడాయన. ఆవిడ మళ్ళీ చిక్కుడుకాయల మీదకి వంగింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడకి తెలిసొచ్చిందేమిటంటే, మొగుడు రాసిన దాంట్లో తప్పు చూపిస్తే ఆ తప్పుని సమర్థిస్తూ ఇంకో రెండు పేజీలు రాస్తాడని.

ధ్రువీకరణ రోజున మిల్లులో బస్తాలు తూచే పెద్ద కాటా తెచ్చి ఆఫీసు వరండాలో పెట్టారు. ముద్రలు కొట్టే పోలినాయుడు ఒక్కొక్కరినీ ఎక్కించి, ముల్లు కుదిరేదాకా ఊపిరి బిగబట్టమని, బరువు పైకి చదివి, కార్డు మీద ముద్ర కొట్టి మెళ్ళో వేశాడు. పథకంలోకి వచ్చినవాళ్ళు ఏడుగురు. అందులో సూది మందు వాడేవాళ్ళు ఇద్దరే, పుండరీకమూ, సీనియర్ అసిస్టెంటు సుభాషిణీ. ఆవిడ తొంభై ఒకటి, ఇరవై నాలుగు యూనిట్లు. ఇద్దరి డాక్టరు చీటీలూ ఫైల్లో చేరాయి, మోతాదులు రిజిస్టరుకెక్కాయి. మెళ్ళో కార్డు వేసుకుని పుండరీకం ఫొటో కూడా దిగాడు.

మర్నాటి నుంచి పత్యం. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం గుప్పెడు అన్నం, గిన్నెడు ఆకుకూర, సాయంత్రం మజ్జిగ, రాత్రికి రెండు పుల్కాలు. రోజూ పదిన్నరకి నియంత్రణాధికారి గదిలో మోతాదు కార్యక్రమం. పోలినాయుడు సూదిలోకి మందు లాగి వెలుతురుకి పెట్టి, ఒంటికన్ను మూసి గీత చూసేవాడు. "బాబూ, చుక్క తగ్గినా నా ఉజ్జోగం ఊడిపోద్ది. మీరే కదా రాసేరు," అనేవాడు. ధర్మారావు తలూపేవాడు. పుండరీకం చొక్కా ఎత్తి పొడుచుకుని రిజిస్టర్లో సంతకం పెట్టేవాడు. తను పెట్టిన పద్ధతి గడియారంలా నడుస్తుంటే చూసి, ఆకలేస్తున్నా కడుపు నిండినట్టుండేది.

ఆరో రోజు పదకొండున్నరకి ఆయన ఒక నోటు రాస్తున్నాడు. 'సదరు' అని రాశాడు. ఆ తర్వాత ఏం రాయాలో తోచలేదు. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో 'సదరు' తర్వాత ఆగిపోవడం అదే మొదలు. చేతులు వణికాయి, వీపంతా చెమటలు పట్టి చొక్కా అతుక్కుపోయింది, గుండె దడదడలాడింది, ఎదురుగా ఉన్న జిగురు సీసా కూడా తినేయాలనిపించేంత ఆకలి. పత్యం పని చేస్తోంది కాబోలనుకున్నాడు వెర్రి బ్రాహ్మడు. లేచి మొహం కడుక్కుందామని రికార్డు గదివైపు వెళ్తే అక్కడ బీరువా చాటున సుభాషిణి గబగబా మారీ బిస్కెట్లు తింటోంది.

ఆయనకి కోపం నషాళానికంటింది. తను జిగురు తినకుండా ఉగ్గబట్టుకుంటుంటే ఈవిడ బిస్కెట్లు తింటుందా! "ఏమ్మా సుభాషిణీ, ఐదో నియమం చదివావా? పథకంలో ఉన్నవారు చిరుతిండి తినరాదు."

"చదివానండీ," అని ఆవిడ పొట్లం దాచేసింది. నుదుటి మీద చెమట కొంగుతో తుడుచుకుంది. "కొంచెం కళ్ళు తిరిగినట్టుంటేనూ..."

"నాకూ తిరుగుతున్నాయి! నేను తింటున్నానా?"

ఆవిడ తలొంచుకుని సీట్లోకి పోయింది. ఆయన ఎంతో నిగ్రహం చూపించాననుకుని ఇంటికొచ్చి మాణిక్యానికి చెప్పాడు. ఆవిడ వినీ వినకముందే చెప్పులేసుకుని ఆయన్ని డాక్టర్ షమీమ్ దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టర్ షమీమ్ అంతా విని, వేలికి గుచ్చి చూసి, బల్ల మీద అరచేత్తో కొట్టింది. "ఆరు రోజుల్నుంచి తిండి సగానికి పైగా తగ్గించి, సూది మాత్రం నలభయ్యే పొడుచుకుంటున్నారా? పత్యం మొదలెట్టేముందు నాకు చెప్పరా?"

"బరువు మూడు కిలోలే తగ్గానమ్మా. మందెందుకు తగ్గాలి?"

"ఇదిగో వినండి పుండరీకం గారూ. ఇన్సులిన్ పని ఏంటంటే ఒంట్లో తలుపులు తట్టి రక్తంలో ఉన్న చక్కెరని లోపలికి పంపడం. ఒళ్ళు లావైనకొద్దీ, ముఖ్యంగా కాలేయంలో కొవ్వు పేరుకున్నకొద్దీ, లోపలివాళ్ళకి చెవుడొస్తుంది. ఒకరు తడితే వినరు. అందుకని నేను నలభై మందిని పంపి తలుపులు బాదిస్తున్నాను. మీరు తిండి తగ్గించగానే ముందు కరిగేది ఆ కాలేయంలో కొవ్వే. కాటా మీద ముల్లు కదలకముందే చెవుడు తగ్గడం మొదలవుతుంది. ఇప్పుడు ఒకరు తడితే తలుపు తీస్తున్నారు. మీరేమో ఇంకా నలభై మందిని పంపుతున్నారు, పైగా ఇంట్లో వంట కూడా తగ్గించేశారు. రక్తంలో చక్కెర ఏం మిగులుతుంది? మెదడుకి అదే తిండి. ఇంకా పడితే కళ్ళు తిరగడంతో ఆగదు, ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు."

ఇరవై రెండు యూనిట్లు చాలని చీటీ రాసింది. నాలుగు రోజులకోసారి చూసి ఇంకా తగ్గిద్దామంది. ఆపకుండా ఉండటం ఎంత ముఖ్యమో తగ్గించడమూ అంతే ముఖ్యమంది. "ఇది మంచి వార్తండీ, ఏడుపు మొహం పెడతారేం?" అంది.

మంచి వార్తని మర్నాడు ఆఫీసుకి తీసుకెళ్ళాడు పుండరీకం. ధర్మారావు చీటీ తిరగేసి మరగేసి చూశాడు.

"తమరు రాసిన తొమ్మిదో నియమం ప్రకారం ఏడాది లోపు మోతాదు తగ్గింపునకు ఆస్కారం కనబడదే!"

"కనబడదండీ. నేనే కనబడకుండా రాశాను."

"ఇప్పుడు నలభై నుంచి ఇరవై రెండంటే, పద్దెనిమిది యూనిట్లు తక్కువ తూకం కింద వస్తుంది. మరి శాఖాధిపతిగా నా బాధ్యత ఏమిటి? అయినా మానవతా దృక్పథంతో పరిశీలిద్దాం. పోలినాయుడూ, సూపరింటెండెంటు గారి బరువు చూడు."

నూట ఎనిమిది కిలోల ఆరు వందలు. ధర్మారావు కాగితం మీద త్రైరాశికం వేశాడు. నూట పన్నెండు కిలోలకు నలభై యూనిట్లయితే, నూట ఎనిమిదీ పాయింట్ ఆరుకి ఎంత? ముప్పై ఎనిమిది పాయింట్ ఏడు తొమ్మిది. కళ్ళజోడు తీసి ఎంతో ఔదార్యంతో నవ్వాడు. "ప్రత్యేక సందర్భంగా పరిగణించి ఒకటీ పాయింట్ రెండు ఒకటి యూనిట్లు తగ్గింపు మంజూరు చేస్తున్నాను. డాక్టరమ్మకి వైద్యం తెలుసు, కాదనను. లెక్క మాత్రం మనకి తెలిసినంత ఆవిడకి తెలియదు."

ఇక్కడ ఎవరైనా బల్ల గుద్ది అరుస్తారు. పుండరీకం అరవలేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ త్రైరాశికం ఆయనకి నచ్చింది! దశాంశం తర్వాత రెండు అంకెలదాకా వెళ్ళిన మందు మోతాదు దేశంలో ఇదే మొదటిదై ఉంటుందని ఒక మూల మురిసిపోయాడు కూడా. పోలినాయుడు పాయింట్ ఏడు తొమ్మిది ఎక్కడుందో తెలియక భూతద్దం తెచ్చుకుని అరగంట అవస్థ పడ్డాడు.

ఇంట్లో మాత్రం ఇరవై రెండే పొడుచుకుంటున్నానని చెప్పి, డాక్టరు దగ్గరికి పోవడం వాయిదా వేస్తూ, ఆ రోజు నుంచి పుండరీకం జేబులో బెల్లం ముక్క వేసుకోవడం మొదలెట్టాడు. పదకొండున్నరయ్యేసరికి రికార్డు గదిలోకి నక్కి నోట్లో వేసుకునేవాడు. నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు, పాత ఫైలు వెతుక్కుంటూ వచ్చిన ధర్మారావు ఎదురుగా నిలబడి చూశాడు. సూపరింటెండెంటు, పథకం రూపశిల్పి, బుగ్గలో బెల్లం.

"ఇది అత్యంత శోచనీయం. తమ మీద సంజాయిషీ మెమో జారీ చేయక తప్పదు."

"చిత్తం సార్."

"డ్రాఫ్టు పెట్టండి."

ఆఫీసులో మెమో రాయగలిగినవాడు మరొకడు లేడు. అంచేత పుండరీకం తన మీద తనే మెమో రాసుకోవడానికి కూచున్నాడు. మెత్తగా రాసి ఊరుకోవచ్చు కదా! అబ్బే, చేతికి అలవాటు లేదు. 'నియమావళిని స్వహస్తములతో రూపొందించిన సదరు ఉద్యోగియే, స్వహస్తములతో బెల్లము భుజించుట' అని ఎత్తుకున్నాడంటే ఇక ఆగలేదు. రెండు పేజీలయ్యాక చదువుకుని, ఆహా అనుకున్నాడు. ధర్మారావు సంతకం పెట్టి, మూడు రోజుల్లో జవాబివ్వమని దాన్ని మళ్ళీ ఆయన చేతికే ఇచ్చాడు. జవాబు రాద్దామని కూచుంటే ఒక్క సందు లేదు. తను కట్టిన గోడకి తనే తల బాదుకున్నాడు. బెల్లం కూడా తినడానికి లేదు, మెమో పెండింగులో ఉంది.

మూడో రోజు, పదకొండూ ముప్పావు. 'గౌరవనీయులైన' అని రాశాడు. అక్షరాలు రెండు రెండుగా కనిపించాయి. సుభాషిణి వైపు తిరిగి ఏదో అడగబోయాడు. నోరు తిరగలేదు. కుర్చీతో సహా పక్కకి ఒరిగి దబ్బున పడ్డాడు.

కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రి మంచం, చేతికి గ్లూకోజు సీసా. పక్కన మాణిక్యం ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉంది. డాక్టర్ షమీమ్ మీటర్ చూపించింది. "తెచ్చినప్పుడు చక్కెర ముప్పై ఒకటి ఉంది, డెబ్బైకి తగ్గకూడదు. మీ ఆఫీసావిడ దారిపొడుగునా పక్కనే కూచుని ఊపిరి చూస్తూ వచ్చింది కాబట్టి సరిపోయింది. ఇంకో అరగంట ఆలస్యమైతే ఈ మాటలు మీ ఆవిడకి చెప్పాల్సొచ్చేది, మీక్కాదు."

సుభాషిణి గోడకానుకుని నిలబడి ఉంది. ఆవిడ మొహం కూడా పాలిపోయి ఉంది. మెళ్ళో కార్డు అలాగే వేలాడుతోంది.

మర్నాడు పొద్దున సుభాషిణి మళ్ళీ చూడటానికి వచ్చి గోడపక్కన నిలబడి ఉండగా, పదిన్నరకి తలుపు తట్టి ధర్మారావు లోపలికొచ్చాడు. వెనకాల ఐసు డబ్బా పట్టుకుని పోలినాయుడు, చంకలో రిజిస్టరు.

"సంపూర్ణ ఆరోగ్యవంతులు కావాలని శాఖ తరఫున ఆకాంక్షిస్తున్నాను," అన్నాడు ధర్మారావు. "నిన్నటి మోతాదుతో రిజిస్టరు క్రమంగానే ఉంది. ఇవాళ్టిది కూడా అధికారి సమక్షంలో..."

మాణిక్యం లేచి నిలబడింది. "ఆ సూది ఆయన దగ్గరికి తెచ్చారంటే ముందు మీకే పొడుస్తాను!"

పోలినాయుడు రెండడుగులు వెనక్కేశాడు. డాక్టర్ షమీమ్ అతని చంకలోంచి రిజిస్టరు లాగి చూసి, ధర్మారావుని ఎగాదిగా చూసింది. "ముప్పై ఎనిమిది పాయింట్ ఏడు తొమ్మిది యూనిట్లా? ఎవరయ్యా ఈ బుద్ధిలేని రూలు రాసింది?"

గదిలో అందరూ మంచం వైపు చూశారు.

"నేనేనమ్మా," అన్నాడు పుండరీకం.

"అయితే కొట్టేయండి."

ధర్మారావు గొంతు తగ్గించి మంచం పక్కకి కుర్చీ లాక్కున్నాడు. మనిషి నిజంగా భయపడ్డాడు. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. "అదే నేనూ ఆలోచించాను పుండరీకం గారూ. సవరణ పెడదాం. కానీ జాగ్రత్తగా రాయాలి. నియమం మొదట్నుంచీ సరైనదే అన్నట్టుండాలి, ఇప్పుడు మారినట్టూ ఉండాలి, ఎవరిదీ తప్పు కానట్టుండాలి. అది తమ వల్లే అవుతుంది."

అవుతుంది. పుండరీకం బుర్రలో అప్పుడే వాక్యం కదలడం మొదలెట్టింది. 'నియమము తొమ్మిది యొక్క ఔచిత్యమునకు ఎట్టి భంగము వాటిల్లకుండ, పరిస్థితుల ప్రాబల్యము దృష్ట్యా...' ఎంత నున్నగా వస్తోందో! పై ఆఫీసుకి వెళ్ళి, పరిశీలనకెళ్ళి, అభిప్రాయం కోసం ఇంకో ఆఫీసుకెళ్ళి, ఆర్నెల్లకి ఆమోదమై తిరిగొస్తుంది. అప్పటిదాకా తను సెలవులో ఉంటాడు. తనకేం పోయింది?

అప్పుడు పోలినాయుడు నసిగాడు. "బాబూ, ఇక్కడ అవ్వకపోతే నాను బేగి ఆఫీసుకెల్లాల. ఈ సుభాసిని గారి ఇరవై నాలుగూ ఇంకా అవ్వనేదు."

పుండరీకం తల తిప్పి సుభాషిణిని చూశాడు. "నీకూ చక్కెర తగ్గుతోందామ్మా? చెమటలూ అవీ?"

"పది రోజుల్నుంచి తగ్గుతోందండీ. మొదట్లో బిస్కెట్లు తిని నెట్టుకొచ్చా. మీరు వద్దన్నాక అవీ మానేశాను."

"డాక్టరుకి చూపించుకోలేదేం? ఎవరికైనా చెప్పలేదేం?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే ఆయనకి గుచ్చుకుంది. "మీరు రాసిన రూలు కదండీ. మీరు రాశారంటే అన్నీ ఆలోచించే రాసుంటారనుకున్నాను."

పుండరీకానికి ఏడుపొచ్చింది. ముప్పై ఒక్కేళ్ళలో ఆయన రాతని ఎందరో పొగిడారు. నమ్మిన మనిషిని మాత్రం ఇప్పుడే చూశాడు. ఆలోచించలేదు తల్లీ, వాక్యం బావుందని రాశాను అని చెప్పాలనుకున్నాడు. గ్లూకోజు సూది లేని చెయ్యి చాపి, "కాగితం," అన్నాడు.

ధర్మారావు ఆశగా తెల్లకాగితం, కలం అందించాడు. మహా అయితే అరనిమిషం పట్టింది.

'నేను రాసిన తొమ్మిదో నియమం తప్పు. దానివల్ల మనుషులు చచ్చిపోతారు. ఇవాళ్టి నుంచి ఎవరి మోతాదు వాళ్ళ డాక్టరు చెప్పినంతే.'

ధర్మారావు చదివాడు. తిప్పి వెనక చూశాడు. వెనకాల ఏం లేదు. "ఇదేమిటండీ? దీనికి విషయం లేదు, సూచిక లేదు, సదరు అనే మాటే లేదు! పై ఆఫీసు వారు అడిగితే దీన్ని ఏ అధికారంతో స్వీకరించానని చెప్పను?"

"కింద చూడండి సార్. సంతకం ఉంది."

ఉంది. ముప్పై ఒక్కేళ్ళు ఆయన రాసినవన్నీ వేరేవాళ్ళ సంతకాలతో వెళ్ళాయి. దీని కింద వంగల పుండరీకాక్షరావు అని పూర్తి పేరుంది. ధర్మారావు కళ్ళజోడు సర్దుకుని ఆ పేరుని రెండుసార్లు చదివాడు. తప్పు తనదేనని రాసి సంతకం పెట్టినవాణ్ణి ఏం చేయాలో ఆయన సర్వీసులో ఎక్కడా తగల్లేదు.

సుభాషిణి అప్పటికే మెళ్ళో కార్డు తీసి పోలినాయుడి ఐసు డబ్బా మీద పెట్టింది. స్టూలు లాక్కుని డాక్టర్ షమీమ్ ఎదురుగా కూచుని వేలు చాపింది.

"నాకు ఇరవై నాలుగు ఇస్తున్నారమ్మా. ఎంతకి తగ్గించమంటారు?"